పుస్తకం ఒక్కటే, లెక్కలు మూడు

మతాధ్యయనంలో పనిచేసే పరిశోధకులు తమ రచనలకు వచ్చే సైటేషన్ల గురించి, అంటే ఇతరులు తమ పనిని ఎక్కడెక్కడ ఉదహరించారన్న లెక్క గురించి పంపిన ప్రశ్నల్లో ఎక్కువమందికి పనికొచ్చేవి ఏరి ఈసారి జవాబులిస్తున్నాం. అడిగినవారి పేర్లు వేయడం లేదు. గూగుల్ స్కాలర్, స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అన్నవి సైటేషన్లు లెక్కించే మూడు ఆన్‌లైన్ సేవలు. హెచ్-ఇండెక్స్ 9 అంటే కనీసం తొమ్మిదేసి సైటేషన్లు వచ్చిన రచనలు తొమ్మిది ఉన్నాయని; ఆ లెక్క కట్టే తీరు రెండో జవాబులో ఉంది.

ప్రశ్న: గూగుల్ స్కాలర్‌లో నాకు 412 సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ 9. స్కోపస్‌లో 61 సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ 4. వెబ్ ఆఫ్ సైన్స్‌లో 38, 3. పదోన్నతి దరఖాస్తులో ఏది రాయమంటారు? పెద్దది రాస్తే గొప్పలకు పోయినట్టు, చిన్నది రాస్తే పనే చేయనట్టు కనిపిస్తుందేమోనని బెంగగా ఉంది.

జవాబు: మూడు తూకాలూ సరైనవే, తూచిన సరుకు వేరు. 2004లో మొదలైన గూగుల్ స్కాలర్ వెబ్‌లో దొరికే పరిశోధన సామగ్రినంతా చూస్తుంది. పత్రికల వ్యాసాలతోపాటు సిద్ధాంత గ్రంథాలు (పీహెచ్‌డీ వంటి పట్టాల కోసం రాసినవి), గూగుల్ బుక్స్‌లోని పుస్తకాలు, విశ్వవిద్యాలయాల భాండారాల్లో పెట్టిన ముసాయిదాలు కూడా లెక్కలోకి వస్తాయి. మతాధ్యయనంలో వాదాలు ఎక్కువగా పుస్తకాల్లోనే సాగుతాయి కాబట్టి మన రంగంవారి అంకె అక్కడే పెద్దగా ఉంటుంది. అయితే ఆ ఏరివేత యంత్రం చేసేది. ఒకే సిద్ధాంత గ్రంథం రెండు చోట్ల ఉంటే రెండు సైటేషన్లుగా లెక్కపడవచ్చు.

స్కోపస్ కూడా 2004లోనే వచ్చింది. అది తాను ఎంచుకున్న పత్రికలనే చూస్తుంది. పుస్తకాలను పెద్దఎత్తున చేర్చుకోవడం 2013లో మొదలుపెట్టింది. వెబ్ ఆఫ్ సైన్స్‌లో కళలు, మానవీయ శాస్త్రాల సూచిక వేరు, 2011లో వచ్చిన పుస్తకాల సూచిక వేరు. రెండోదానికి గ్రంథాలయం విడిగా చందా కట్టాలి. కట్టని చోట కూర్చుని చూస్తే మీ అంకె ఇంకా తగ్గిపోతుంది. అందుకే ఒకే రోజు రెండు విశ్వవిద్యాలయాల నుంచి చూసినవారికి రెండు అంకెలు కనిపిస్తాయి.

చాలామందికి తెలియని దారి ఒకటుంది. మీ పుస్తకం వెబ్ ఆఫ్ సైన్స్ సూచికలో లేకపోయినా, అక్కడున్న వ్యాసాల పాదసూచికల్లో దాని పేరు ఉంటుంది. ‘సైటెడ్ రిఫరెన్స్ సెర్చ్’ తెరవండి. రచయిత గడిలో ఇంటిపేరు, మొదటి అక్షరం, దాని పక్కన నక్షత్రం గుర్తు ఇవ్వండి. రచన గడిలో పుస్తకం పేరులోని మొదటి మాట, మళ్ళీ నక్షత్రం. సంవత్సరం గడి ఖాళీగా వదిలేయండి. పునర్ముద్రణ సంవత్సరం వేసినవాళ్ళు, అసలు తప్పు సంవత్సరమే వేసినవాళ్ళు చాలామంది ఉంటారు. ఒకే పుస్తకం పది వరుసల్లో విడివిడిగా కనిపిస్తుంది. ఒక వరుసలో ఇనిషియల్ ఉండదు, మరోదానిలో ఉపశీర్షికే శీర్షిక అయిపోయి ఉంటుంది. మీవన్నీ టిక్ చేసి చూస్తే అసలు లెక్క తేలుతుంది. స్కోపస్‌లో ఇదే పని ‘సెకండరీ డాక్యుమెంట్స్’ భాగం చేస్తుంది.

దరఖాస్తులో మూడూ రాయండి. ప్రతి అంకె పక్కన ఎక్కడ చూశారో, ఏ తేదీన చూశారో, స్వీయ సైటేషన్లు కలిపారో లేదో ఉండాలి. ఒకచోటి సైటేషన్ల సంఖ్యకు మరోచోటి హెచ్-ఇండెక్స్‌ను జతచేయడం మాత్రం ఎప్పుడూ చేయకండి. పరిశీలకులు దాన్ని చిటికెలో పట్టేస్తారు.

ప్రశ్న: మా గురువుగారి పుస్తకం ఒక్కదానికే 310 సైటేషన్లున్నాయి. అయినా ఆయన హెచ్-ఇండెక్స్ 5 దాటలేదు. ఎక్కడో లెక్క తప్పిందా?

జవాబు: తప్పలేదు. ఆ లెక్క కట్టే తీరే అది. 2005లో హోర్హె హిర్ష్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు దీన్ని ప్రతిపాదించారు. ఏడాదికి నాలుగైదు పొట్టి వ్యాసాలు వచ్చే రంగం ఆయనది. పదేళ్ళు కూర్చుని ఒక పుస్తకం రాసే రంగానికి ఈ కొలబద్ద అతకదు.

కాగితం మీద వేసి చూడండి. రచనలను సైటేషన్ల వారీగా పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చాలి. గురువుగారివి 11 రచనలనీ, వాటి సైటేషన్లు వరుసగా 310, 24, 9, 6, 5, 3, 2, 1, ఆపైన మూడు సున్నాలనీ అనుకుందాం. వరుస సంఖ్య కన్నా సైటేషన్లు తగ్గని చివరి చోటు ఏదో అదే హెచ్. ఐదో వరుసలో 5 ఉంది, సరిపోయింది. ఆరో వరుసకు కనీసం 6 కావాలి, ఉన్నది 3. కాబట్టి హెచ్ 5. ఆ 310 బదులు అక్కడ వట్టి 5 ఉన్నా హెచ్ 5 గానే ఉండేది. అంటే ఆ పుస్తకానికి వచ్చిన వాటిలో 305 సైటేషన్లు ఈ కొలతకు అసలు కనపడలేదు.

2006లో లియో ఎగ్గె ప్రతిపాదించిన జి-ఇండెక్స్ ఈ లోటును కొంత పూడుస్తుంది. అందులో పైనుంచి కూడుకుంటూ వచ్చిన మొత్తం, వరుస సంఖ్య వర్గానికి తగ్గకుండా ఉండాలి. గురువుగారి మొత్తం 360. 18 వర్గం 324, 19 వర్గం 361. ఒక్క సైటేషన్ తక్కువై 19 అందలేదు, జి విలువ 18. కొన్ని సాఫ్ట్‌వేర్లు రచనల సంఖ్యను మించనివ్వవు, అప్పుడు 11 చూపిస్తాయి. ఏ పద్ధతి వాడారో ముందే తెలుసుకోండి. గూగుల్ స్కాలర్ చూపే ఐ10-ఇండెక్స్ అంటే కనీసం 10 సైటేషన్లున్న రచనల సంఖ్య. ఇక్కడ అది 2.

సగటు వేసి 32.7 అని రాయాలనిపిస్తుంది. వద్దు. మధ్యస్థం 3 మాత్రమే, కాబట్టి ఆ సగటు ఏ రచనకూ చెందని అంకె. ‘మొత్తం 360, అందులో 310 ఒకే పుస్తకానివి’ అని సూటిగా రాయడమే గురువుగారికి న్యాయం.

ప్రశ్న: పన్నెండేళ్ళు శ్రమపడి ఒక ప్రాచీన గ్రంథానికి పరిష్కృత ప్రతి (చేతిరాత ప్రతులను పోల్చి పాఠాన్ని తేల్చిన ముద్రణ), దానికి అనువాదం తెచ్చాను. ఆ రంగంలో పనిచేసేవారంతా దాన్నే వాడుతున్నారు. సైటేషన్లు మాత్రం పదిలోపే. ఎందుకిలా? దీనికి మందు ఉందా?

జవాబు: ఈ ప్రశ్న మాకు అన్నిటికన్నా ముఖ్యమైనదిగా తోచింది. మతాధ్యయనంలో ఎక్కువగా నష్టపోయేది పరిష్కర్తలు, అనువాదకులే.

కారణం ఉదహరించే అలవాటులో ఉంది. ఎవరైనా ‘ఋగ్వేదం 10.129’ అనో, ‘మత్తయి 5:3’ అనో, ‘ఖురాన్ 2:255’ అనో రాస్తే చదివేవారికి చోటు తెలిసిపోతుంది, పాఠాన్ని నిగ్గుతేల్చిన మనిషి పేరు ఎక్కడా రాదు. భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ 1966లో పూర్తిచేసిన మహాభారత పరిష్కృత ప్రతినే తీసుకోండి. పర్వం, అధ్యాయం, శ్లోకం అని మూడు అంకెలు వేసి ఊరుకుంటారు. ఒక్కో పర్వానికి పనిచేసిన సంపాదకుడి ఖాతాలో ఏమీ పడదు. మాక్స్‌ముల్లర్ సంపాదకత్వంలో 1879 నుంచి 1910 వరకు 50 సంపుటాలుగా వచ్చిన ‘సేక్రెడ్ బుక్స్ ఆఫ్ ది ఈస్ట్’ గ్రంథమాల పరిస్థితీ ఇంతే. గ్రంథమాల పేరు, సంపుటం సంఖ్య వేస్తారు. 25వ సంపుటంలోని మనుస్మృతి అనువాదం బ్యూలర్ చేశారన్న సంగతి ఎగిరిపోతుంది.

దీనికి తోడు పాదసూచికల గొడవ. ‘ఇబిడ్’ (పైన చెప్పిన చోటే), ‘ఆప్ సిట్’ (ముందు చెప్పిన రచన) వంటి సంక్షేపాలను యంత్రం ఏ పుస్తకానికీ ముడిపెట్టలేదు. చివర గ్రంథసూచి ఉండి, అందులో ‘మూలగ్రంథాలు’ అన్న విభాగం కింద మీ ప్రతి వివరాలు పూర్తిగా ఉంటేనే లెక్కకు వస్తుంది. సంక్షిప్తనామాల పట్టికలో మాత్రమే ఉంటే తరచుగా జారిపోతుంది.

చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ప్రచురణకర్తను అడిగి పుస్తకానికి డీఓఐ, అంటే ఆన్‌లైన్‌లో రచనను గుర్తించే శాశ్వత సంఖ్య, తీసుకోండి. పీఠికకు, అనువాదానికి విడివిడిగా ఇస్తే ఇంకా మేలు. సంక్షిప్తనామాల పుటలోనే ‘ఈ ప్రతిని ఉదహరించవలసిన తీరు’ అని పరిష్కర్త పేరు, సంవత్సరం, డీఓఐ ఉన్న ఒక్క వాక్యం అచ్చువేయించండి. అది ఉంటే చాలామంది అలాగే దించేస్తారు. లేకపోతే ఎవరికి తోచినట్టు వాళ్ళు రాస్తారు.

ఇప్పటికే అచ్చయిపోయిన పుస్తకమైతే చేత్తో ఏరుకోవడమే. గూగుల్ బుక్స్‌లో, పరిశోధన పత్రికల ఆన్‌లైన్ భాండారమైన జేస్టోర్‌లో మీ ఇంటిపేరు, గ్రంథం పేరు కలిపి కొటేషన్ గుర్తుల్లో పెట్టి వెతకండి. గ్రంథం పేరును ఒక్క రూపంలోనే వెతికి వదిలేయకండి. ‘శంకర’ అన్న మాటనే రోమన్ లిపిలో ఒకరు చుక్కలు గీతలతో రాస్తారు, ఒకరు అవి తీసేసి రాస్తారు, మరొకరు ఎస్ పక్కన హెచ్ చేరుస్తారు. మూడింటికీ వెతుకులాట ఫలితాలు వేరు. దొరికిన ప్రతిదాన్నీ ఒక పట్టికలోకి ఎక్కించండి: ఎవరు, ఏ రచన, ఏ పుట, ఎందుకు వాడారు. ఈ చివరి గడి ప్రాణం లాంటిది. ‘మీ పాఠభేదాన్ని ఒప్పుకుని తమ వాదం మార్చుకున్నారు’ అన్న ఒక్క నమోదు, పేరు మాత్రం చెప్పి వదిలేసిన ఇరవై సైటేషన్ల కన్నా బరువైనది. పుస్తక సమీక్షలు, గ్రంథాలయాల ఉమ్మడి జాబితా అయిన వరల్డ్‌క్యాట్‌లో కనిపించే గ్రంథాలయాల సంఖ్య, పాఠ్యప్రణాళికల్లో చోటు కూడా ఆ పట్టికలోనే వేరుగా పెట్టుకోండి. అవి సైటేషన్లు కావు, వాటితో కలపకూడదు. కానీ వాడకానికి సాక్ష్యాలే.

ప్రశ్న: నా గూగుల్ స్కాలర్ ప్రొఫైల్‌లో నేను రాయని పశువైద్య వ్యాసాలు చేరాయి. నా పుస్తకం మూడు వరుసల్లో ఉంది. ఒకచోట రచయితగా నా పుస్తకాన్ని సమీక్షించినాయన పేరు పడింది! ఎలా బాగుచేయాలి?

జవాబు: మొదట ఉన్నదాన్ని ఉన్నట్టు ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి. తర్వాతే చెయ్యి పెట్టండి.

మీవి కాని వ్యాసాలకు ఎడమవైపు గడిలో టిక్ పెట్టి డిలీట్ చేయండి. అవి మళ్ళీ వచ్చి పడకుండా ఉండాలంటే సెట్టింగ్స్‌లో కొత్త వ్యాసాలను ఆటోమేటిక్‌గా చేర్చే పద్ధతి మానేసి, ముందు ఈమెయిల్ పంపి అడిగే పద్ధతి ఎంచుకోవాలి. ఇంటిపేరు, ఒక్క ఇనిషియల్ కలిసే పేర్లు లోకంలో కొల్లలు కాబట్టి ఆటోమేటిక్ పద్ధతిని నమ్మడానికి లేదు.

మూడు వరుసల పుస్తకాన్ని కలపాలంటే మూడింటికీ టిక్ పెట్టి మెర్జ్ నొక్కండి. ఏ వరుసలోని వివరాలు ఉంచాలో అడుగుతుంది. పూర్తి శీర్షిక, ప్రచురణకర్త, మొదటి ముద్రణ సంవత్సరం ఉన్నదాన్ని ఎంచుకోండి. కలిపాక అంకె పక్కన నక్షత్రం గుర్తు కనిపించవచ్చు, కంగారు పడకండి. కలిపిన వరుసల్లో అన్నీ ఆ రచనవే కాకపోవచ్చునని హెచ్చరిక అంతే.

సమీక్షల విషయంలోనే అసలు జాగ్రత్త కావాలి. మన పత్రికల్లో సమీక్షకు విడిగా శీర్షిక ఉండదు, పుస్తకం పేరే శీర్షిక. యంత్రం ఆ సమీక్షను పుస్తకంగా పొరబడి, పుస్తకానికి రావలసిన సైటేషన్లను సమీక్షకుడి వరుసలో వేస్తుంది. ఆ వరుసకున్న ‘సైటెడ్ బై’ తెరిచి పది రచనలైనా చూడండి. అవన్నీ మీ పుస్తకాన్నే ఉదహరిస్తుంటే విషయం తేలినట్టే. అలాగని సమీక్షను మీ ప్రొఫైల్‌లోకి లాగి పుస్తకంతో కలిపేయడం సరికాదు, అది వేరొకరి రచన. మీ పట్టికలో మాత్రం ‘సమీక్ష పేరిట పడిన సైటేషన్లు ఇన్ని’ అని రాసుకోండి. సంకలనాల్లోని అధ్యాయాలకూ ఇదే చిక్కు. అధ్యాయం రాసింది మీరైతే, సైటేషన్ సంకలనకర్త పుస్తకానికి పడుతుంది.

స్కోపస్‌లో ప్రొఫైళ్ళు అదే తయారుచేస్తుంది. పేరు రెండు రకాలుగా అచ్చయితే మీరు ఇద్దరు మనుషులవుతారు. రచయితల సవరణ పేజీలో రెండు ప్రొఫైళ్ళనూ ఎంచుకుని కలపమని కోరాలి. ఇకముందు ఈ తంటా తగ్గాలంటే పరిశోధకుడిని గుర్తించే ఆర్కిడ్ (ORCID) సంఖ్య తీసుకోండి. 2012లో మొదలైన ఈ 16 స్థానాల గుర్తింపు ఉచితం, చివరి స్థానంలో ఎక్స్ ఉన్నా అది తప్పు కాదు. ఇంటిపేరు ముందా వెనకా, ఇనిషియలా పూర్తి పేరా అన్నది ఒక్కసారి తేల్చుకుని, ప్రతి రచనకూ అదే ఇవ్వండి.

ప్రశ్న: నా వ్యాసం వచ్చి మూడేళ్ళు. రెండే సైటేషన్లు. పని ఎవరికీ నచ్చలేదనుకోవాలా?

జవాబు: అప్పుడే అనుకోవద్దు. మీ వ్యాసం చదివినవారు తమ వ్యాసం రాయాలి, పత్రికకు పంపాలి, నిపుణుల పరిశీలన జరగాలి, సవరించాలి, వరుసలో ఆగి అచ్చవ్వాలి. వాళ్ళు రాసేది పుస్తకమైతే ఇంకా ఆలస్యం. పత్రికలకు ఇచ్చే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అనే కొలత మాత్రం రెండేళ్ళ కిటికీలోంచే చూస్తుంది. ఒక పత్రికకు 2024 ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే 2022, 2023 సంవత్సరాల రచనలకు 2024లో వచ్చిన సైటేషన్లను, ఆ రెండేళ్ళ పరిశోధన వ్యాసాల సంఖ్యతో భాగించగా వచ్చేది. మన రంగపు పత్రికల్లో పాత రచనలకే ఎక్కువ సైటేషన్లు వస్తాయి, అవన్నీ కిటికీ బయటే. కళలు, మానవీయ శాస్త్రాల సూచికలోని పత్రికలకు 2023 వరకు ఈ అంకె ఇవ్వనే లేదు. పత్రికలకు స్కోపస్ ఇచ్చే ఇలాంటి కొలత సైట్‌స్కోర్ కిటికీ నాలుగేళ్ళు, కొంత నయం.

మరో సంగతి. పత్రిక అంకె పత్రికదే. అందులో అచ్చయిన మీ వ్యాసానికి ఆ అంకెను అంటగట్టడం లెక్క ప్రకారమే తప్పు.

ప్రశ్న: పరిశోధకుల సామాజిక వేదికలో నా వ్యాసానికి 4,000 రీడ్స్ చూపిస్తోంది. రాయవచ్చా?

జవాబు: వద్దు. పేజీ తెరిచినా లెక్కపడుతుంది, అది చదివినట్టు కాదు. వ్యాసాన్ని అక్కడ పెట్టడానికి ప్రచురణకర్త అనుమతి ఉందో లేదో కూడా చూసుకోండి.

ప్రశ్న: నా పాత రచనలను నేనే ఉదహరించుకోవడం తప్పా? ఒక పత్రిక సంపాదకులు తమ పత్రికలో వచ్చిన నాలుగు వ్యాసాలు చేర్చమన్నారు. చేర్చనా?

జవాబు: ఒకే గ్రంథం మీద ఇరవై ఏళ్ళు పనిచేసేవారు తమ పాత వ్యాసాన్ని చూపించకపోతే చదివేవారికే ఇబ్బంది. ‘ఈ వాక్యానికి ఆధారం ఆ రచనేనా?’ అని అడగండి. అవునంటే ఉంచండి, లేదంటే తీసేయండి. స్కోపస్‌లో స్వీయ సైటేషన్లు తీసేసి చూసే వీలుంది, పరిశీలకులు ఆ మీట నొక్కుతారు. మీరే ముందు నొక్కి రెండు అంకెలూ ఇవ్వడం మేలు.

సంపాదకుల మాటకు వస్తే, ఆ నాలుగూ చదవండి. వాదానికి పనికొచ్చేవి చేర్చి, మిగతావి ఎందుకు సంబంధం లేనివో ఒక్కో వాక్యంలో మర్యాదగా రాసి పంపండి. విషయంతో పని లేకుండా ‘మా పత్రికలోవి ఇన్ని ఉండాలి’ అని సంఖ్య చెబితే అది బలవంతపు సైటేషన్. ఆ ఉత్తరాన్ని దాచుకుని, వ్యాసం వెనక్కి తీసుకోవడం గురించి ఆలోచించండి.

ప్రశ్న: ‘ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఉంది, వారంలో అచ్చు’ అంటూ ఒక పత్రిక నుంచి ఆహ్వానం వచ్చింది. నమ్మవచ్చా?

జవాబు: వారంలో నిపుణుల పరిశీలన జరగదు, అక్కడే సగం తేలిపోయింది. అసలు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ వెబ్ ఆఫ్ సైన్స్ నడిపే క్లారివేట్ సంస్థ ఏటా ఇచ్చే ‘జర్నల్ సైటేషన్ రిపోర్ట్స్’లో మాత్రమే ఉంటుంది. ముందు ‘గ్లోబల్’, ‘యూనివర్సల్’ వంటి మాటలు తగిలించిన అంకెలు అది కావు. పత్రికను గుర్తించే ఐఎస్ఎస్ఎన్ సంఖ్యను ఐఎస్ఎస్ఎన్ పోర్టల్‌లో వెతికి, పత్రిక పేరు, ప్రచురణకర్త సరిపోయాయో చూడండి. మంచి పత్రిక పేరూ సంఖ్యా దొంగిలించి నకిలీ వెబ్‌సైట్ నడిపేవాళ్ళుంటారు, కాబట్టి ఈమెయిల్‌లోని లింకు నొక్కకుండా సూచికలో ఇచ్చిన చిరునామా నుంచే వెళ్ళండి. స్వేచ్ఛగా చదువుకునే పత్రికైతే అలాంటి పత్రికల జాబితా డీఓఏజే (DOAJ)లో ఉందో లేదో చూడండి.

ప్రశ్న: పరిశీలక సంఘంలో విజ్ఞానశాస్త్రాలవారే ఎక్కువ. నా అంకెలు చిన్నవి. పని విలువ వాళ్ళకు ఎలా చెప్పాలి?

జవాబు: అంకెలను దాచకండి, వాటికి సందర్భం ఇవ్వండి. పరిశోధనను ఎలా అంచనా వేయాలో చెప్పే శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన (2012లో రూపుదిద్దుకున్నది), 2015లో వెలువడిన లైడెన్ మేనిఫెస్టోలోని పది సూత్రాలు వాళ్ళ రంగాల్లోనూ తెలిసినవే. పత్రిక అంకెతో మనిషిని తూచవద్దని మొదటిది, రంగాన్ని బట్టి ప్రచురణ, సైటేషన్ అలవాట్లు మారతాయని రెండోది చెబుతున్నాయి. మీ సంస్థ శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటనపై సంతకం చేసి ఉంటే ఆ మాట మొదటి పేరాలోనే రాయండి.

తర్వాత మీ రచనల్లో మూడు నుంచి ఐదు ఎంచుకుని, ఒక్కోదానికి నాలుగైదు వాక్యాలు రాయండి. ‘నా పుస్తకం ఈ రంగంపై గొప్ప ప్రభావం చూపింది’ అన్న వాక్యం ఎవరినీ కదిలించదు. ఇలా రాసి చూడండి: ‘ఈ పరిష్కృత ప్రతికి 14 చేతిరాత ప్రతులు ఆధారం. అంతకుముందున్న ముద్రణకు ఆధారం 3. గూగుల్ స్కాలర్‌లో 9 సైటేషన్లున్నాయి. అవి కాక శ్లోకసంఖ్యతో మాత్రమే ఉదహరించిన 37 రచనలను విడిగా గుర్తించాను, పట్టిక జతచేశాను. వాటిలో 6 రచనలు మూడో అధ్యాయంలోని పాఠసవరణను చర్చించాయి, 2 దాన్ని తిరస్కరించాయి.’ ఆ చివరి మాట తీసేయాలనిపిస్తుంది, తీయకండి. తిరస్కరించినవారూ మీ పాఠాన్ని అక్షరం అక్షరం చదివినవారే, పైగా వాటిని మీరే చూపితే మిగతా అంకెలన్నిటి మీదా నమ్మకం పెరుగుతుంది. పట్టికలో ప్రతి నమోదుకూ పుట సంఖ్య ఉండేలా చూసుకోండి. సంఘంలో ఒకరైనా ఏదో ఒక పుట తీసి సరిచూస్తారు.